పిల్లల చేతి మామిడి తాండ్ర

వేసవి సెలవులు దగ్గరపడుతున్న ఈ రోజుల్లో, పిల్లలతో కలిసి పండ్లతో ఇంట్లో చేసుకోదగిన తినుబండారాల గురించి అడుగుతూ చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువమందికి పనికివస్తాయనిపించిన ఐదు ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా పిల్లలకు ఏడేళ్ళు, పదేళ్ళు. వాళ్ళతో కలిసి ఈ సెలవుల్లో మామిడి తాండ్ర చేయాలని ఉంది. నిరుడు ప్రయత్నిస్తే పైకి ఆరినట్టు కనిపించినా లోపల పచ్చిగానే ఉండి, వారం తిరక్కుండా బూజు పట్టింది. పిల్లలేమో మొదటి గంట కాగానే విసుగుపుట్టి లేచి వెళ్ళిపోయారు. ఏ పండు తీసుకోవాలి, ఎలా ఆరబెట్టాలి, పిల్లలకు ఏ పని అప్పగించాలి?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: తాండ్రకు బూజు పట్టడానికీ, పిల్లలకు విసుగు పుట్టడానికీ కారణం ఒకటే అయి ఉంటుందని నాకు అనిపిస్తోంది. గుజ్జంతా ఒకేసారి మందంగా పోసి ఉంటారు. అలా పోసినప్పుడు ఎండకు పైభాగం ముందుగా తోలు కట్టుకుని, అడుగున ఉన్న తేమను బయటికి పోనివ్వదు. ఆ తేమలోనే బూజు పుడుతుంది. పిల్లల విషయానికి వస్తే, పోయడం ఒక్క పూటతో అయిపోతే ఆ మర్నాడు వాళ్ళకు చేయడానికి పని ఏదీ మిగలదు. గోదావరి తీరాన ఆత్రేయపురంలో గానీ, విజయనగరం జిల్లా భీమాళిలో గానీ తాండ్ర చేసేవారు చాప మీద గుజ్జు పలుచగా పరిచి, అది ఆరిన తరువాత దానిమీద మరొక పొర, ఆపైన ఇంకొక పొర వేస్తూ రోజుల తరబడి దాన్ని పెంచుతారు. మీరూ అదే పద్ధతిలో వెళ్ళండి. అప్పుడు ప్రతి ఉదయం పిల్లలకు ఒక పని ఉంటుంది, ప్రతి సాయంత్రం వాళ్ళు చూసుకోవడానికి ఒక మార్పు ఉంటుంది.

పండు సంగతి చెబుతాను. మీకు నూజివీడు తోటలు దగ్గర కాబట్టి చిన్న రసాలు, పెద్ద రసాలు సులువుగా దొరుకుతాయి. తాండ్రకు నేను మొదట ఎంచుకునేది రసాలనే, ఎందుకంటే వాటి వాసన ఆరిన తరువాత కూడా నిలుస్తుంది. పీచు ఎక్కువ కనుక జల్లెడ పట్టక తప్పదు. బంగినపల్లిలో పీచు తక్కువ, పని తేలిక, అయితే ఆరాక వాసన కొంచెం చప్పబడుతుంది. ఏ పండైనా కమ్మగా పండి ఉండాలి, కుళ్ళు మచ్చ ఉంటే ఆ పండును పక్కన పెట్టేయాలి. కాల్షియం కార్బైడుతో మాగబెట్టడం మన దేశంలో నిషిద్ధం, అయినా ఆ అలవాటు పూర్తిగా పోలేదు కనుక తెలిసిన తోట నుంచో, నమ్మకమైన అంగడి నుంచో తెచ్చుకోండి. తెచ్చిన పండ్లను ముచ్చిక తీసి, ఒక గంటసేపు నీళ్ళలో ఉంచి, తరువాత రెండు మూడు నీళ్ళలో కడగండి. ముచ్చిక దగ్గర కారే సొన పిల్లల పెదవుల మీద, బుగ్గల మీద పడితే చర్మం పొక్కుతుంది, అందువల్ల ఈ పని మాత్రం మీరే చేయాలి.

రెండు కిలోల పండ్లకు సుమారు ఒక కిలో గుజ్జు వస్తుంది. దీనికి 100 గ్రాముల చక్కెర లేదా మెత్తగా దంచి జల్లించిన బెల్లం, చిటికెడు ఉప్పు చాలు. పండు మరీ తియ్యగా ఉంటే ఒక నిమ్మకాయ రసం కలిపితే రుచి నిలబడుతుంది. పండ్లు పిసకడం, గుజ్జును జల్లెడలో గరిటెతో ఒత్తి దించడం ఏడేళ్ళ పిల్లకు అప్పగించండి. మోచేతుల దాకా రసం కారుతుంది, నేల జిగటవుతుంది, టెంక చీకకుండా ఏ పిల్లా ఆగదు. వంటింటి బదులు పెరట్లోనో, డాబా మీదనో నీడపట్టున పాత దుప్పటి పరిచి కూర్చోబెడితే మీకు కోప్పడే అవసరం రాదు. చీకిన చేతిని మళ్ళీ గుజ్జులో పెట్టకూడదన్న ఒక్క నియమం మాత్రం ముందే చెప్పి, పక్కన చెంబుతో నీళ్ళు ఉంచండి. తూకం వేయడం, చక్కెర కొలవడం, ఏ రోజు ఎన్ని గంటలు ఎండ తగిలిందో పుస్తకంలో రాయడం పదేళ్ళవారు చక్కగా చేస్తారు.

ఆ తరువాత గుజ్జును మందపాటి గిన్నెలో ఎనిమిది పది నిమిషాలు ఉడికించాలి. సంప్రదాయంగా చాలామంది పచ్చి గుజ్జునే పోస్తారు. అయినా ఎన్నో చేతులు పడే ఇంటి పనిలో ఒకసారి మరిగించడమే మంచిదని నా అభిప్రాయం. దానివల్ల పులియజేసే సూక్ష్మజీవులు నశిస్తాయి, రంగు నల్లబడడం కూడా తగ్గుతుంది. ఉడికే మామిడి గుజ్జు బుడగలుగా లేచి చిట్లి పడుతుంది, పడినచోట అంటుకుని కాలుస్తుంది కనుక పొయ్యి దగ్గరికి పిల్లలను రానివ్వకండి.

ఇప్పుడు పోయడం. ముప్పై సెంటీమీటర్ల వెడల్పు ఉన్న అంచు పళ్ళేనికి నేతి చేయి రాసి, చల్లారిన గుజ్జు సుమారు 200 గ్రాములు పోస్తే మూడు మిల్లీమీటర్ల పొర వస్తుంది. ఒక పొరకు ఇంతకన్నా ఎక్కువ వద్దు. ఇద్దరు పిల్లలకు రెండు పళ్ళేలు ఇవ్వండి, ఎవరి పళ్ళెం వారిది. మిగిలిన గుజ్జును ఫ్రిజ్‌లో పెట్టి, ప్రతి ఉదయం ఆ రోజుకు కావలసినంత తీసి మరొకసారి మరిగించి, చల్లార్చి పోయాలి. రెండు మూడు పొరలతో మీ కిలో గుజ్జు చెల్లిపోతుంది. పళ్ళేలను ఒక బల్ల మీద ఉంచి, బల్ల కాళ్ళను నీళ్ళు పోసిన గిన్నెల్లో పెడితే చీమలు ఎక్కవు. పైన పలుచని మల్లు గుడ్డను గుజ్జుకు తగలకుండా బిగించి కట్టాలి. సూర్యాస్తమయానికి ముందే లోపలికి తేవాలి, ఎందుకంటే రాత్రి తేమ పగటి ఎండ చేసిన పనిని సగం చెరిపేస్తుంది.

తరువాతి పొర ఎప్పుడు వేయాలో చెప్పే అధికారం పిల్లలకే ఇవ్వండి. మా ఇంట్లో మా నాయనమ్మ మమ్మల్ని చేతులు కడుక్కు రమ్మని, వేలి కొసతో కాకుండా ముడిచిన వేలి వెనుకవైపుతో తాకమనేది. వేలికి తడి తగిలితే ఆగాలి, జిగటగా పట్టుకుని వదిలితే ఇంకొక గంట ఉండాలి, చల్లని తోలును ముట్టుకున్నట్టు ఉండి ఏమీ అంటకపోతే అప్పుడు మరో పొర. చివరిరోజు పళ్ళెం అంచు చుట్టూ మొద్దు కత్తితో తీసి, ఒక కొసను పట్టుకుని మెల్లగా లాగుతుంటే సన్నని చప్పుడుతో తాండ్ర మొత్తం ఒకే బిళ్ళగా లేస్తుంది. దాన్ని ఎండకు అడ్డంగా పట్టుకుంటే ముదురు తేనె రంగులో వెలుగు లోపలి నుంచి వస్తుంది, ఎక్కడ పొర మందంగా పడిందో, ఎక్కడ ఎవరు ఆత్రపడి వేలు పెట్టారో అన్నీ కనిపిస్తాయి. ఆ క్షణం పిల్లల చేతిలోనే జరగాలి. ఆలస్యమైనా, బిళ్ళ చిరిగినా, మీరు అందుకోకండి.

ఆరిందని తెలియడానికి ఒక ముక్కను మడిచి చూడండి, అది అంటుకోకూడదు, విరగకూడదు. తరువాత ముక్కలను పొడి గాజు సీసాలో వేసి మూతపెట్టి ఒక రోజు ఉంచండి. సీసా లోపలి గోడ మీద చెమట పట్టినట్టు కనిపిస్తే ఇంకా తేమ ఉందన్నమాట, మళ్ళీ ఎండబెట్టాలి. నిరుడు మీరు ఈ ఒక్క పరీక్ష చేసి ఉంటే ఆ తాండ్ర దక్కేది. సీసా పొడిగా ఉంటే ముక్కల మధ్య నూనె కాగితం పెట్టి దాచుకుని, నెల లోపు వాడుకోండి, ఆపైన ఉంచాలంటే ఫ్రిజ్‌లో పెట్టండి. ఒక ముక్కకు బూజు కనిపిస్తే ఆ ముక్కను మాత్రమే తీసేసి మిగిలినవి పిల్లలకు పెట్టడం తగదు, ఆ సీసాలోనివన్నీ పారేయాలి.

ప్రశ్న: మా పెద్దమ్మాయికి ఆరేళ్ళు, చిన్నవాడికి రెండున్నరేళ్ళు. పండు కోసి ఇస్తే ముట్టుకోరు, తాండ్ర అయితే అడిగి తింటారు. పండుకు బదులుగా తాండ్రే పెట్టవచ్చా? చక్కెర మానేసి తేనె వేస్తే మంచిదా?
– ఒక తండ్రి, హైదరాబాదు

జవాబు: తాండ్ర మిఠాయి కిందికే వస్తుంది, పండు కిందికి రాదు. ఈ మాట చెప్పడం నాకూ ఇష్టంగా లేదు, తాండ్ర అంటే నాకెంతో ప్రేమ. అయినా లెక్క చూడండి. పైన చెప్పిన కొలతతో చేస్తే కిలో గుజ్జు ఆరి సుమారు 300 గ్రాముల తాండ్ర అవుతుంది. అందులో 20 గ్రాముల ముక్క తింటే పండులోని చక్కెర, మనం కలిపిన చక్కెర కలిసి దాదాపు 15 గ్రాములు, అంటే మూడు చిన్న చెంచాలు లోపలికి వెళ్ళినట్టు. అంత చిన్న ముక్కతో కడుపు నిండదు కాబట్టి పిల్లలు మరొకటి అడుగుతారు. కోసిన మామిడి పండులో నీరు, పీచు ఉండడం వల్ల నాలుగు ముక్కలకే తృప్తి కలుగుతుంది. పైగా వేడికీ ఎండకూ విటమిన్ సి చాలావరకు పోతుంది. చక్కెర, బెల్లం, తేనె, పండ్ల రసాల ద్వారా అందే తీపి రోజువారీ శక్తిలో పది శాతానికి మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆరేళ్ళ పిల్లకు రోజుకు సుమారు 1350 కిలో కేలరీలు అనుకుంటే ఆ పది శాతం 34 గ్రాముల దగ్గర ఆగిపోతుంది. ఉదయం పాలలో వేసిన చక్కెర, మధ్యాహ్నం బిస్కెట్టు అన్నీ అందులోనే ఇమడాలి.

తాండ్ర పళ్ళ సందుల్లో అతుక్కుని చాలాసేపు ఉంటుంది. అందువల్ల నిద్రపోయే ముందు కాకుండా, భోజనం చివర రెండు వేళ్ళంత ముక్క ఇచ్చి నోరు పుక్కిలించమనండి.

తేనె వల్ల అదనంగా కలిగే మేలు లేదు, అదీ చక్కెరే. ఏడాది నిండని పసివాళ్ళకు మాత్రం తేనె ఏ రూపంలోనూ పెట్టకూడదు, అందులో ఉండగల బొటులిజం బీజాలు ఆ వయసులో ప్రాణాంతకమైన జబ్బు తేగలవు. మీ ఇంటికి చంటిబిడ్డలతో చుట్టాలు వస్తే ఇది గుర్తుంచుకోండి.

మీ చిన్నవాడికి ఇప్పుడే తాండ్ర వద్దని నా సలహా. సాగే ముక్కను నమిలి మింగే నేర్పు ఆ వయసుకు పూర్తిగా రాదు. నాలుగేళ్ళు దాటాక, కూర్చోబెట్టి, సన్నని పీలికలుగా కోసి ఇవ్వవచ్చు. ద్రాక్ష పండ్లు పెట్టేటప్పుడు కూడా నిలువుగా నాలుగు చీలికలు చేసి పెట్టండి, గుండ్రటి పండు గొంతులో బిరడాలా ఇరుక్కుంటుంది. తినడానికి లేకపోయినా వాడికి పని ఇవ్వండి. తొట్టిలో నీళ్ళు పోసి పండ్లు కడగమంటే గంటసేపు ఆడుకుంటాడు. పండు ముట్టుకోని మీ అమ్మాయి కూడా గుజ్జు పిసుకుతూ వేళ్ళు నాకడం మొదలుపెడితే, ఆ గిన్నెలోంచే ఒక చిన్న కప్పు తీసి పచ్చి గుజ్జుగానే ఆమె ముందు పెట్టి, తినమని అడక్కుండా మీ పని మీరు చూసుకోండి.

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటున్నాం. ఇక్కడ ఎండను నమ్ముకోలేం, మంచి మామిడి పండ్లు ఖరీదు. మా పిల్లలకు తాండ్ర చేయడం ఎలా నేర్పాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: మీకు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో తోటల్లో పిల్లలే కోసుకునే ఆపిల్ పండ్లు ఉన్నాయి కదా, వాటితో మొదలుపెట్టండి. ముక్కలు కోసి, కొంచెం నీళ్ళు, నిమ్మరసం వేసి మెత్తగా ఉడికించి, మెదిపి, జల్లెడ పడితే చక్కెర అవసరమే లేని గుజ్జు వస్తుంది. నేను అందులో ఒక ఏలక్కాయ పొడి వేస్తాను. డబ్బాల్లో దొరికే మామిడి గుజ్జు వాడాలనుకుంటే పైన రాసింది చదవండి, చాలావాటిలో ముందే చక్కెర కలిపి ఉంటుంది, మీరు మళ్ళీ కలపకూడదు. ఆరబెట్టడానికి 60 డిగ్రీల సెల్సియస్ వేడి సరైనది. పండ్లు ఆరబెట్టే యంత్రం ఉంటే ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. ఓవెన్ అయితే సాధారణంగా 170 డిగ్రీల ఫారన్‌హీట్ కన్నా తగ్గదు, అది సుమారు 77 డిగ్రీల సెల్సియస్‌తో సమానం. అందువల్ల త్వరగా ఆరుతుంది, అంచులు ముందు పెళుసెక్కుతాయి. గుజ్జును మధ్యలో పలుచగా, అంచుల్లో కాస్త మందంగా పరచండి, నాలుగు గంటలు దాటిన తరువాత అరగంటకొకసారి చూడండి. మైనం పూసిన కాగితం మీద పోయకండి, అది తాండ్రకు అతుక్కుపోతుంది. ఓవెన్‌లో వాడదగిన కాగితం గానీ సిలికోన్ పట్టా గానీ వాడండి. వేలి వెనుకవైపు పరీక్ష మాత్రం, పళ్ళెం బయటికి తీసి చల్లారాక, అక్కడా పిల్లలదే.

ప్రశ్న: నేను ఐదో తరగతి ఉపాధ్యాయురాలిని. సంక్రాంతి తరువాత రేగుపండ్లు విరివిగా వస్తాయి. పొయ్యి అవసరం లేకుండా పిల్లలతో రేగు వడియాలు పెట్టించాలని ఉంది. జాగ్రత్తలు చెప్పగలరా?
– నల్లగొండ జిల్లా నుంచి

జవాబు: మీ ఆలోచన నాకు ఎంతో సంతోషం కలిగించింది. రేగు వడియం రుచి తెలియకుండా పెరుగుతున్న పిల్లలు ఇప్పుడు పల్లెల్లో కూడా ఉన్నారు. బాగా పండి ముడత పడిన కిలో రేగుపండ్లకు పావుకిలో బెల్లం, ఒక చెంచా జీలకర్ర, తగినంత ఉప్పు, నాలుగైదు పచ్చిమిరపకాయలు సరిపోతాయి. రేగుపండులో పురుగు బయటికి కనిపించదు, అందుచేత ప్రతి పండునూ పిల్లలు వేళ్ళతో నొక్కి, చీల్చి, లోపల చూసి గిన్నెలో వేయాలి. తరగతి మొత్తం కూర్చుని చేయదగిన అసలు పని ఇదే. వాళ్ళ పక్కన ఒక పళ్ళెం పెడితే పురుగు పట్టినవి ఎన్ని, మంచివి ఎన్ని అని వాళ్ళే లెక్క తేలుస్తారు.

ఊళ్ళల్లో గింజతోనే దంచి వడియాలు పెట్టడం వాడుక, తినేటప్పుడు గింజ ఉమ్మేస్తారు. బడిలో మాత్రం గింజలు తీయించండి. అన్నను చూసి ఇంటిదగ్గర చెల్లెలూ తింటుంది, ఆ గింజ చిన్నపిల్ల గొంతుకు ప్రమాదం. పచ్చిమిరపకాయలు మీరు ముందుగానే నూరి తెండి, ఆ చేతులతో కళ్ళు నలుపుకుంటే ఆ రోజు పని అంతటితో ఆగిపోతుంది. దంచడం ఇద్దరిద్దరు చొప్పున రోట్లో చేయించవచ్చు. గుజ్జు ముద్దకట్టాక శుభ్రమైన గుడ్డ మీద రూపాయి బిళ్ళకన్నా కొంచెం పెద్దవిగా అద్ది, రెండు మూడు రోజులు ఎండనివ్వాలి, రెండోరోజు తిరగేయాలి. సాయంత్రం గుడ్డతో సహా లోపలికి తెచ్చే బాధ్యత ఎవరిదో ముందే పేర్లు రాసి పెట్టండి.

ప్రశ్న: పిల్లల పుట్టినరోజుకు అనాసపండు జెల్లీ చేస్తే ఎంతసేపు ఫ్రిజ్‌లో పెట్టినా గట్టిపడలేదు. జిలటిన్ సరిగానే కొలిచాను. తప్పు ఎక్కడ జరిగింది?
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: మీ కొలతలో తప్పు లేదు. పచ్చి అనాసపండులో బ్రొమిలైన్ అనే ఎంజైము ఉంటుంది. జిలటిన్ అంటే జంతువుల నుంచి తీసిన మాంసకృత్తి, ఆ ఎంజైము దాన్ని ముక్కలు చేసేస్తుంది. బొప్పాయి పండుతో చేసినా ఇదే జరుగుతుంది, అందులో ఉండేది పపైన్. అనాస ముక్కలను కొద్ది నిమిషాలు బాగా మరిగిస్తే ఎంజైము పనిచేయడం మానేస్తుంది, అప్పుడు జెల్లీ గడ్డకడుతుంది. ఇంకొక దారి చైనా గ్రాస్. సముద్రపు నాచు నుంచి తీసేది కనుక శాకాహారులకూ పనికివస్తుంది, పచ్చి అనాస రసం దాన్ని కరిగించలేదు. పది గ్రాముల చైనా గ్రాస్‌ను నానబెట్టి, అర లీటరు నీళ్ళలో పూర్తిగా కరిగేదాకా మరిగించి దించి, పావు లీటరు పండ్ల రసం అప్పుడు కలపండి. పుల్లని రసంతో కలిపి మరిగిస్తే దాని బిగువు తగ్గుతుంది. రసం గది వేడిమిలో ఉండాలి, ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లని రసం పోస్తే కలిపేలోపే ఉండలు కడుతుంది. ఇది ఫ్రిజ్ లేకుండానే గట్టిపడుతుంది కనుక గాజు గిన్నెలో పోసి, కాస్త చల్లారాక పిల్లల ముందు పెట్టండి. ఐదు నిమిషాలకొకసారి గిన్నెను కొంచెం వంచి చూస్తూ, ఏ నిమిషాన నీరు కదలడం మానేసిందో వాళ్ళు చెబుతారు. చైనా గ్రాస్ జెల్లీ నోటిలో కరగదు, కాబట్టి చిన్నవాళ్ళకు పెట్టేటప్పుడు పెద్ద ముక్కగా ఇవ్వకుండా చెంచాతో చిదిపి పెట్టండి.